మాటల మాంత్రికుడు పింగళి నాగేంద్రరావు గారు

సంఘం సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని కార్యదర్శి గారు చెప్పినప్పుడు, సైనికుడు కాబట్టి ఏ యుద్ధవీరుని గురించో రాస్తాడని అందరూ అనుకుని ఉంటారు. వీరుల గురించి మన పాత సంచికల్లో నాకంటే బాగా రాసినవాళ్ళు ఉన్నారు. నేను ఒక సినిమా రచయిత గురించి రాస్తున్నాను. దానికి రెండు కారణాలు. మొదటిది, మన తెలుగు జవాన్లు ఏ పల్టన్‌లో ఉన్నా, ఎంత ఎత్తున పోస్టులో ఉన్నా, నలుగురు ఒకచోట చేరితే ఆయన పుట్టించిన మాట ఒకటైనా దొర్లకుండా ఉండదు. మంచిపని చేసినవాడికి వీరతాడు వేయమంటాం. మన సెక్షన్ వాళ్ళు అస్మదీయులు, పక్క సెక్షన్ వాళ్ళు తసమదీయులు. రెండో కారణం, ఆ మాటలు పుట్టించిన పింగళి నాగేంద్రరావు గారు కుర్రతనంలో మన ఖరగ్‌పూర్‌లోనే రైల్వే ఉద్యోగం చేశారు. మలంచాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళలో కూడా ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

పింగళి వారు 1901 డిసెంబరు 29న ఉత్తరాంధ్రలో బొబ్బిలి దగ్గర రాజాంలో జన్మించారు. పెరిగింది, చదివింది మాత్రం కృష్ణా జిల్లా బందరులో. అందుకే ఆయన్ని అందరూ బందరు మనిషి అనే అనుకుంటారు. బందరులో అప్పటికి ఆంధ్ర జాతీయ కళాశాల ఉంది. వందేమాతరం ఉద్యమం వేడిలో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పూనుకుని పెట్టిన విద్యాలయం అది. తెల్లదొరల కచేరీలో గుమాస్తా పనికి మాత్రమే పనికొచ్చే చదువు వద్దు, చేతిపని కూడా రావాలని వాళ్ళ పట్టుదల. మన జాతీయ పతాకానికి రూపకల్పన చేసిన పింగళి వెంకయ్య గారు కూడా అక్కడ పాఠాలు చెప్పినవారే. వెంకయ్య గారు బోయర్ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి వచ్చారు కనుక మన సంచికలో ఆయన పేరు తలచుకోవడం బాగుంటుంది.

ఇంటిపేరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకరిని కూడా చెప్పుకోవాలి. 16వ శతాబ్దంలో పింగళి సూరన అనే మహాకవి 'కళాపూర్ణోదయం' రాశాడు. రామాయణం నుంచో భారతం నుంచో కథ తీసుకోకుండా సొంతంగా కల్పించిన అద్భుత కథ అది. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూలోకంలో నిజమై జరుగుతుంది. ఆ కథలోని మనుషులకు తాము ఒక కథలో ఉన్నామని తర్వాత తెలుస్తుంది. లోకం నిజమా, ఎవరో చెప్పిన కథా అనే వేదాంతుల ప్రశ్నను నాలుగైదు వందల ఏళ్ళ కిందటే మనవాడు ఇంత సరదాగా చెప్పాడు. నాగేంద్రరావు గారికి, సూరనకు నేను చుట్టరికం కలపబోవడం లేదు. దారి మాత్రం ఒకటే అనిపిస్తుంది.

జాతీయ కళాశాలలో నాగేంద్రరావు గారు మెకానికల్ ఇంజనీరింగు చదివారు. ఇది వింటే నవ్వొస్తుంది గానీ, ఆలోచిస్తే ఆయన సినిమాల్లో మాయ పరికరాలు అంత పక్కాగా ఎలా పనిచేస్తాయో అర్థమవుతుంది. ఏ వస్తువు ఏం చేస్తుంది, ఎవరి చేతిలో చేస్తుంది, ఎప్పుడు చేయదు అన్నది ముందే బిగించి పెడతారాయన. వర్క్‌షాపు బుద్ధి అది.

ఆ చదువుతోనే ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగానికి ఖరగ్‌పూర్ వచ్చారు. అప్పటికి ఆయన వయసు ఇరవైకి అటూ ఇటూ. బి.ఎన్.ఆర్. అంటే ఈనాటి సౌత్ ఈస్టర్న్ రైల్వేకి తాతలాంటిది. 1887లో మొదలై, 1902లో వాల్తేరు వైపు నుంచి కటక్ దాకా ఉన్న కోస్తా లైను చేతికి వచ్చాక తెలుగువాళ్ళకు ఖరగ్‌పూర్ దారి తెరిచింది. విశాఖ, శ్రీకాకుళం, గంజాం జిల్లాల నుంచి ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, కూలీలు రైలెక్కి ఇక్కడికి దిగారు. మా తాత కూడా అలా దిగినవాడే. నింపురా, ఖరీదా, మలంచా, గోల్‌బజార్ ఎటు పోయినా తెలుగు వినబడటానికి మూలం ఆ లైనే. మనం ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, డ్యూటీలో హిందీ, ఆఫీసు కాగితంలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగాం. నాలుగు భాషల మధ్య తిరిగేవాడికి మాట ఎలా పుడుతుందో, ఎలా వంకర తిరుగుతుందో, తప్పుగా పలికిన మాటే రేపు ఎలా వాడుక అవుతుందో చెవికి పట్టుబడుతుంది. పింగళి వారి చెవికి ఆ సాన కొంత ఈ ఊరిలో పట్టి ఉంటుందని నా అభిప్రాయం.

ఖరగ్‌పూర్‌లో ఆయన ఎక్కువ కాలం ఉండలేదు. ఇక్కడి కార్మిక సంఘం గాలి తగిలింది, దానితోపాటు స్వాతంత్ర్యోద్యమం గాలి కూడా తగిలింది. ఆ రోజుల్లో రైల్వే కార్మికోద్యమానికి ఖరగ్‌పూర్ పెద్ద కేంద్రం. 1927లో ఇక్కడ జరిగిన సమ్మె దేశమంతా తెలిసింది, మన వి.వి. గిరి గారు బి.ఎన్.ఆర్. కార్మిక నాయకుడిగానే పైకి వచ్చారు. పింగళి వారు ఆ సమ్మెకు ముందే ఉద్యోగం వదిలేశారు. బందరు వెళ్ళి కాంగ్రెసు ఆర్గనైజరుగా తిరిగారు, 'జన్మభూమి' పేరుతో దేశభక్తి రచన చేశారు. నెల తిరిగేసరికి చేతికొచ్చే రైల్వే జీతం వదులుకోవడం అంటే ఏమిటో రైల్వే ఇళ్ళలో పుట్టిన మనకి ఎవరూ చెప్పనక్కరలేదు.

బందరులో ఆయన 'కృష్ణాపత్రిక'లో చేరారు. సంపాదకులు ముట్నూరి కృష్ణారావు గారు. రాజకీయం రాసినా, కళ గురించి రాసినా, అందులో ఉపనిషత్తుల ఆలోచన నీళ్ళలో ఉప్పులా కలిసి ఉండే రచయిత ఆయన. అటువంటి వారి దగ్గర పనిచేయడం ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ కుర్రవాడికి పెద్ద చదువు. అక్కడే పింగళి వారు ద్విజేంద్రలాల్ రాయ్ బెంగాలీ నాటకాలు 'మేవాడ్ పతనం', 'పాషాణి' తెలుగు చేశారు. బెంగాలీల ఇళ్ళలో డి.ఎల్. రాయ్ పేరు తెలియని పెద్దవాళ్ళు ఉండరు, కాబట్టి మన పొరుగువాళ్ళతో చెప్పుకోవడానికి కూడా ఇది మంచి విషయం.

ఈ రెండు నాటకాల దగ్గర కాస్త ఆగాలి. 'మేవాడ్ పతనం' రాజపుత్రుల యుద్ధగాథ. కానీ రాయ్ ఆ యుద్ధం మధ్యలోనే శత్రువు, మిత్రుడు అనే గీత దాటి మనిషిని మనిషిగా ప్రేమించమనే ఆలోచన పెట్టాడు. 'పాషాణి' అహల్య కథ. పురాణంలో శాపం తగిలి రాయైన స్త్రీని ఆయన మనసున్న మనిషిగా చూపించాడు. అందుకు ఆనాటి బెంగాల్‌లో విమర్శలు కూడా వచ్చాయి. అంటే పురాణ కథను అలాగే ఉంచి పూజించకుండా, దాని లోపలికి దిగి మనసు వెతకవచ్చునని పింగళి వారు చిన్నవయసులోనే బెంగాలీ గురువు దగ్గర నేర్చుకున్నారు. తర్వాత ఆయన చేసిన పనంతా ఈ పాఠం మీదే నడిచింది.

తర్వాత నాటకాల కాలం. 'జేబున్నీసా', 'వింధ్యరాణి', 'నా రాజు', 'క్షాత్రహిందూ' రాశారు. ప్రసిద్ధ రంగస్థల నటుడు డి.వి. సుబ్బారావు గారి నాటక సమాజంతో కలిసి చాలా ఏళ్ళు పనిచేశారు. 1941లో 'భలే పెళ్లి' అనే సినిమాకు రాశారు గానీ అప్పుడు యుద్ధం రోజులు, ఫిల్ము దొరకని కాలం, మళ్ళీ బందరు. 1948లో సి. పుల్లయ్య గారు 'వింధ్యరాణి'ని సినిమాగా తీశారు. ఆ పని మీద మద్రాసు చేరినప్పుడు ఆయనకు నలభై ఆరు నిండాయి. మనలో చాలామంది పెన్షను కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చే వయసు అది. ఆ వయసులో ఆయన అసలు జీవితం మొదలైంది.

మద్రాసులో దర్శకుడు కె.వి. రెడ్డి గారు ఆయన్ని పట్టుకున్నారు. 1949లో 'గుణసుందరి కథ'. దీని బీజం షేక్‌స్పియర్ 'కింగ్ లియర్'. ముగ్గురు కూతుళ్ళను తండ్రి ప్రేమ పరీక్ష పెట్టడం, నిజం చెప్పిన చిన్నకూతురిని దూరం చేసుకోవడం అక్కడిదే. ఇంగ్లీషు నాటకంలో చిన్నకూతురు చనిపోతుంది, తండ్రి ఆమె శవం ఎత్తుకుని ఏడ్చి ప్రాణం విడుస్తాడు. మన కథలో చిన్నకూతురు మొగుడు శాపం తగిలి కురూపి అయినవాడు, శాపం తీరితే అసలు రూపం వస్తుంది. మహేంద్రమణి అనే రత్నం రాజుకు రోగం కుదురుస్తుంది. మనవాళ్ళకి విషాదం చేతకాక సుఖాంతం చేశారని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. పాశ్చాత్య విషాద నాటకంలో తప్పు చేసిన మనిషి దాని కింద నలిగిపోతాడు. మన పురాణంలో శాపానికి ఎప్పుడూ ఒక గడువు ఉంటుంది, అనుభవిస్తే తీరుతుంది. కర్మ అనేది శిక్ష మాత్రమే కాదు, తీర్చుకోగల బాకీ కూడా అనే నమ్మకం అది. పింగళి వారు షేక్‌స్పియర్ కథను తెచ్చి ఈ నమ్మకంలో నానబెట్టారు.

1951లో విజయా వారి 'పాతాళభైరవి' వచ్చింది. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, పింగళి వారి రచన. మధిర సుబ్బన్న దీక్షితుల గారి కాశీమజిలీ కథల వాసన, అరేబియా అల్లావుద్దీన్ దీపం వాసన రెండూ ఇందులో ఉన్నాయి. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దీన్ని ప్రదర్శించారు. కథ అందరికీ తెలుసు, గబగబా చెప్తాను. తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని ప్రేమిస్తాడు. డబ్బుంటే రమ్మంటాడు రాజు. నేపాళ మాంత్రికుడు పాతాళభైరవికి బలి ఇవ్వడానికి ఒక సాహసవంతుణ్ణి వెతుకుతుంటాడు. రాముడే దొరుకుతాడు. మోసం తెలిసి రాముడు ఎదురు తిరిగి మాంత్రికుణ్ణే బలిచేసి, కోరింది ఇచ్చే బొమ్మను సంపాదిస్తాడు. మేడ వస్తుంది, సంపద వస్తుంది. తర్వాత బ్రతికొచ్చిన మాంత్రికుడు ఆ బొమ్మను చేజిక్కించుకోగానే మేడా పోతుంది, రాకుమారీ పోతుంది.

ఇక్కడ ఒకటి గమనించాలి. బొమ్మకు న్యాయం, అన్యాయం తెలియదు. ఎవరి చేతిలో ఉంటే వాడికి పనిచేస్తుంది, మన చేతిలోని రైఫిలు లాగే. బొమ్మ పోయినా రాముడి దగ్గర మిగిలినవి రెండే, సొంత ధైర్యం, అంజిగాడి స్నేహం. వాటితోనే అతను పోయినవన్నీ తిరిగి తెచ్చుకుంటాడు. మన పురాణాల్లో వరాల కథలన్నీ ఇదే చెప్తాయి. భస్మాసురుడి వరం వాడి నెత్తిమీదికే వచ్చింది. హిరణ్యకశిపుడు అన్ని వైపులా తలుపులు మూసుకుని వరం అడిగితే గడప దగ్గర ప్రాణం పోయింది. కఠోపనిషత్తులో నచికేతుడికి యముడు ఏనుగులు, గుర్రాలు, బంగారం, దీర్ఘాయువు ఇస్తానంటే కుర్రవాడు వద్దని చావు తర్వాత ఏమిటో చెప్పమంటాడు. ఇచ్చింది తీసుకున్నవాడి కథలు పురాణాలు, వద్దన్నవాడి కథ ఉపనిషత్తు. తోటరాముడు ఈ రెండింటికీ మధ్య నిలబడ్డ మామూలు మనిషి. బొమ్మను అడుగుతాడు, అనుభవిస్తాడు, పోగొట్టుకుంటాడు, అప్పుడు తన బలం ఏమిటో తెలుసుకుంటాడు.

మా అమ్మాయి కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివింది. టోల్కీన్ అనే ఆయన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు భాగాలూ ఇంట్లో తిరుగుతూ ఉండేవి. ఇలాంటి అద్భుతగాథలు తెలుగులో లేవు నాన్నా, మనవన్నీ దేవుడి సినిమాలే అనేది. ఆ మాటకు నాకు చురుక్కుమంది. సినిమా చూసి, పుస్తకంలో వంద పేజీలు ఆమె చేత చెప్పించుకున్నాను. ఆ టోల్కీన్ కూడా మనవాడే అని తెలిసి ఆశ్చర్యపోయాను. మనవాడు అంటే ఫౌజీ అని. మొదటి ప్రపంచయుద్ధంలో లాంకషైర్ ఫ్యూజిలియర్స్ పల్టన్‌లో సిగ్నల్ ఆఫీసరుగా 1916లో సోమ్ యుద్ధంలో ఉన్నాడు. నేను ఇరవై ఎనిమిదేళ్ళు సిగ్నల్స్‌లో చేశాను కనుక ఆ ముక్క దగ్గర నా ఛాతీ కొంచెం పొంగింది. ట్రెంచ్ ఫీవర్ వచ్చి వెనక్కి పంపితే, ఆస్పత్రిలోనూ సెలవులోనూ తన పురాణలోకం కథలు రాయడం మొదలుపెట్టాడు. చిన్ననాటి ప్రాణస్నేహితులు ఇద్దరు ఆ ఏడాదే యుద్ధంలో పోయారు.

ఆయన కథలో ఒక ఉంగరం ఉంది. పెట్టుకున్నవాడిని కనబడకుండా చేస్తుంది, లోకాన్ని శాసించే శక్తి దానిది. ఎంత మంచివాడు పట్టుకున్నా మెల్లగా వాడిని తినేస్తుంది, కాబట్టి దాన్ని నాశనం చేయడమే పని. అంతకు రెండువేల ఏళ్ళకు పైబడి ముందు గ్రీకు తత్వవేత్త ప్లేటో కూడా మాయం చేసే ఉంగరం కథ చెప్పి, ఎవరూ చూడకపోతే మనిషి నీతిగా ఉంటాడా అని చర్చ పెట్టాడు. ఉంగరం, దీపం, బొమ్మ, ఏ దేశం వాడు ఏ వస్తువు పెట్టినా అడిగే ప్రశ్న ఒక్కటే, కోరింది చేతికొస్తే మనిషి ఏమవుతాడు అని. టోల్కీన్ పుస్తకం 1954, 1955లో అచ్చయింది. 'పాతాళభైరవి' దానికి మూడేళ్ళు ముందు, 'మాయాబజార్' రెండేళ్ళు తర్వాత. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలిసే అవకాశం కూడా లేదు. తేడా ఒకటి చెప్పుకోవాలి. టోల్కీన్ తన లోకాన్ని మొత్తం కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. పింగళి వారికి పునాది అక్కరలేదు, మన ప్రేక్షకుడు శాపం, వరం, మాయ అన్నీ తెలిసే టిక్కెట్టు కొనుక్కుని వస్తాడు. ఆయన ఆ తెలిసినదాన్ని కొంచెం తిప్పి చూపిస్తే చాలు.

ఆ తిప్పడం ఎలాగో 'మాయాబజార్'లో చూడాలి. 1957 మార్చి 27న విడుదలైంది. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేని కథ. మన జనం చెప్పుకుంటూ, నాటకాలాడుతూ పెంచుకున్నది. ఆశ్చర్యం ఏమిటంటే పాండవుల కోసం జరిగే ఈ కథలో పాండవులు ఒక్కసారి కూడా తెరమీద కనపడరు. వాళ్ళు ఆస్తి పోగొట్టుకున్నారు, అందుకే చిన్నప్పుడు అభిమన్యుడికి అనుకున్న పిల్లను ఇప్పుడు దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇవ్వాలని రేవతమ్మ పంతం. ఇది పురాణమా, మన వీధిలో పెళ్ళిసంబంధమా? రెండూ.

ఇందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. తెరిచి చూసినవాడికి తనకు అత్యంత ప్రియమైనది కనిపిస్తుంది. ఈ కాలం పిల్లలు దాన్ని ల్యాప్‌టాప్ అని నవ్వుతారు, చూడటానికి అలాగే ఉంటుంది కూడా. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. రేవతికి నగలు కనిపించాయి. బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు కనిపించాడు. అందరూ ఆతృతగా కృష్ణుడి వంతు చూస్తే ఆయనకు శకుని కనిపించాడు. నవ్వుకుని వదిలేసే చోటు కాదు అది. భార్యలు ఉన్నారు, భక్తులు ఉన్నారు, కానీ భారతయుద్ధం అనే పని ఎవరి వల్ల జరగాలో వాడే ఆ సమయంలో భగవంతుడి మనసులో ఉన్నాడు. శత్రువుని కూడా తన ప్రణాళికలో భాగంగా చూసేవాడికి ద్వేషం ఎక్కడ ఉంటుంది? గీతకు వ్యాఖ్యానాలు రాసినవాళ్ళు చాలా పేజీల్లో చెప్పే సంగతిని పింగళి వారు ఒక పెట్టె మూత ఎత్తి చూపించారు. యోగవాసిష్ఠం, అద్వైతం చదివినవాళ్ళు లోకం మన మనసే అంటారు. ఎవడి పెట్టెలో వాడి మనసే.

రెండోది సత్యపీఠం. దాని మీద నిలబడినవాడి నోట మనసులో ఉన్న నిజం తన్నుకొస్తుంది. పెళ్ళి వేదిక దగ్గర శకుని దాని మీదికి ఎక్కి కుట్ర అంతా తానే బయటపెడతాడు. వాడిని ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. మా యూనిట్‌లో బరాఖానా రాత్రి ఈ సినిమా వేసినప్పుడు తెలుగు రాని మరాఠా కుర్రాళ్ళు కూడా ఈ ఘట్టానికి పడిపడి నవ్వారు. వాళ్ళకి అర్థం చెప్పడానికి నేను లేచి నిలబడవలసిన అవసరం కలగలేదు.

మూడోది మాట. ఘటోత్కచుడి కొలువులో చిన్నమయ్య శిష్యులకు పాఠం చెప్తుంటే ఒకడు అస్మదీయులకు ఎదురుమాటగా తసమదీయులు అంటాడు. అలాంటి మాట లేదని గురువు కోప్పడతాడు. ఘటోత్కచుడు మాత్రం ఎవరో ఒకరు పుట్టించకుండా మాటలు ఎక్కడినుంచి వస్తాయని ఆ శిష్యుణ్ణి మెచ్చి వీరతాడు వేయిస్తాడు. శబ్దం నిత్యమా, మనిషి కల్పించుకున్నదా అని మీమాంసకులు, నైయాయికులు శతాబ్దాలు వాదించుకున్నారు. ఈ వాదంలో పింగళి వారు ఎటువైపో ఆ ఒక్క వీరతాడు చెప్పేస్తుంది. ఆయన ఊరికే చెప్పలేదు, చేసి చూపించారు. కంబళికి గింబళి, తల్పానికి గిల్పం. మనం నోటివెంట అలవాటుగా అనే జంటమాటలో రెండో సగానికి అర్థం ఉండదు కదా, ఆ అర్థం లేని సగానికి ఒక వస్తువుని తయారుచేసి ఇచ్చారాయన. గిల్పం మీద పడుకున్నవాడిని అది కిందికి తోసేస్తుంది. టోల్కీన్ తన లోకంలో జాతులకు భాషలే తయారుచేశాడు, పండితుడు కనుక వ్యాకరణంతో సహా చేశాడు. మనవారు వ్యాకరణం గొడవ లేకుండా జనం నోట్లో వదిలిపెట్టారు. టోల్కీన్ భాషలు నేర్చుకునేవాళ్ళు నేర్చుకుంటారు. పింగళి వారి మాటలు మాత్రం చదువురానివాడు కూడా వాడతాడు.

సైనికుడిగా నాకు ఈ సినిమాలో నచ్చింది ఇంకొకటి ఉంది. ముందు పెద్ద యుద్ధం రాబోతోందని అందరికీ తెలుసు. అభిమన్యుడు, ఘటోత్కచుడు ఇద్దరూ ఆ యుద్ధంలో పోతారని ప్రేక్షకుడికి తెలుసు. సినిమాలో ఆ ప్రస్తావన లేదు. ఆ ఇద్దరు కుర్రవాళ్ళు నవ్వుతూ, పెళ్ళి చేసుకుంటూ, విందు మొత్తం ఒక్కడే తినేస్తూ ఉంటారు. ఎవరినీ చంపకుండా మాయతో పెళ్ళి గెలుస్తారు. సెలవు మీద వచ్చిన జవాను ఇంట్లో పెళ్ళిలా ఉంటుంది నాకు ఆ సినిమా. 2010లో దీనికి రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. 2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. వారు భారతీయ సినిమాల మీద పెట్టిన ఓటింగులో ప్రేక్షకులు దీనికే మొదటి స్థానం ఇచ్చారు.

అన్నీ ఇలా ఆడలేదు. 1954లో 'చంద్రహారం' ఎంతో ఖర్చుపెట్టి తీసినా దెబ్బతింది. 1955లో వచ్చిన 'మిస్సమ్మ' కథకు మూలం బెంగాలీ నాటకం 'మాన్‌మయీ గర్ల్స్ స్కూల్', మాటలు చక్రపాణి గారివి, పాటలు పింగళి వారివి. 1961లో 'జగదేకవీరుని కథ', అందులో గానానికి రాయి కరిగే ఘట్టం చూసి థియేటర్లో చేతులెత్తి దణ్ణం పెట్టినవాళ్ళు ఉన్నారని మా నాన్న చెప్పేవారు. 'అప్పుచేసి పప్పుకూడు', 'గుండమ్మ కథ' పాటలు కూడా ఈయనవే.

1963లో వచ్చిన 'శ్రీకృష్ణార్జున యుద్ధము' గురించి మాత్రం మన పాఠకుల కోసం చెప్పాలి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం' నాటకం దీనికి ఆధారం. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ ఉమ్మిన తాంబూలం కృష్ణుడి దోసిట్లో పడుతుంది. వాణ్ణి చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు. గయుడు అర్జునుడి కాళ్ళమీద పడి, శత్రువు ఎవరో చెప్పకముందే అభయం పుచ్చుకుంటాడు. తర్వాత పేరు తెలుస్తుంది. ఇప్పుడు అర్జునుడు ఏం చేయాలి? బావ, సఖుడు, దైవం ఒకవైపు, ఇచ్చిన మాట ఒకవైపు. అర్జునుడు విల్లు అందుకుంటాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, అందుకే అది కష్టం. మంచికీ చెడుకీ మధ్య యుద్ధమైతే నిర్ణయం తేలిక. రెండు ధర్మాలు ఎదురెదురుగా నిలబడినప్పుడు ఏది పట్టుకోవాలన్నది ధర్మశాస్త్రాల్లో అన్నిటికంటే చిక్కుముడి. యూనిఫారంలో ఉన్నవాడికి ఇది పుస్తకం ప్రశ్న కాదు. మాట ఇచ్చేముందు వివరం అడగాలని హవల్దారు బుద్ధితో నాకు అనిపిస్తుంది. కానీ అడిగి ఇస్తే అది అభయం ఎలా అవుతుందని అర్జునుడి వైపు నుంచి కూడా అనిపిస్తుంది. ఈ విషయం మీద మా జేసీవో మెస్‌లో ఒక రాత్రి పెద్ద వాదన జరిగింది, ఇప్పటికీ తేలలేదు.

పింగళి వారు పెళ్ళి చేసుకోలేదు. తెలుగువాళ్ళ ఇళ్ళలో వెన్నెల రాత్రి ప్రేమపాటలు అంటే ఈ బ్రహ్మచారి పాటలే. మొగుడూ పెళ్ళాల గిల్లికజ్జాలు, అత్తల సాధింపులు, మామల అమాయకత్వం ఇంత బాగా ఆయనకు ఎలా తెలిశాయని మా ఆవిడ అడుగుతుంది. దూరంగా నిలబడి చూసేవాడికే బాగా కనపడుతుందేమో, ఓపీ పోస్టు నుంచి చూసినట్టు.

వేదాంతం తెలిసినవాడు దాన్ని పైకి చెప్పకపోవడం ఆయన గొప్ప. ఆయన సినిమాల్లో సాధువులు, గురువులు, శాస్త్రులు కనపడితే సగంమంది నవ్వించడానికే ఉంటారు. అసలు తత్వం మాత్రం రాక్షసుడి నోట, తోటమాలి కొడుకు చేతిలో, ఒక చెక్కపీట మీద పెడతారు. తెలుగు పిల్లలకు ఇంగ్లీషు అద్భుతగాథలు ముద్దే, చదవనివ్వాలి, నేను వద్దనను. వాటి పక్కన ఇవి కూడా పెట్టి చూపించే బాధ్యత ఇంట్లో పెద్దలది. ఖరగ్‌పూర్ వంటి చోట తెలుగు అక్షరాలు రాని మనవలకు సినిమా చూడటానికి అక్షరాలు కూడా అక్కరలేదు. మా అమ్మాయి ప్రియదర్శిని ఘట్టం రెండుసార్లు వెనక్కి తిప్పి చూసింది. కృష్ణుడికి శకుని ఎందుకు కనపడ్డాడో ముందు తనే చెప్పింది, నేను చెప్పింది తర్వాతే.

పింగళి నాగేంద్రరావు గారు 1971 మే 6న పరమపదించారు. అప్పటికి ఆయన వయసు అరవై తొమ్మిది. మరుసటి ఏడాది కె.వి. రెడ్డి గారు కూడా పోయారు. పింగళి వారు రాసిన 'చాణక్య చంద్రగుప్త'ను ఎన్.టి. రామారావు గారు తర్వాత సినిమాగా తీశారు. అక్కినేని నాగేశ్వరరావు గారు చాణక్యుడు, రామారావు గారు చంద్రగుప్తుడు. అది 1977లో విడుదలై తెరమీద రచయితగా ఆయన పేరు పడేనాటికి ఆయన పోయి ఆరేళ్ళు.